చెప్పించిన క్షమాపణ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొనుక్కుని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట కూడా అని ఉండాల్సిందని రెండో అంతస్తులోకి కొత్తగా దిగిన ఆ మొగుడూ పెళ్ళాలకి త్వరలోనే తెలిసొచ్చింది. కిటికీకి బిగించిన పరదా కడ్డీ ఊడొచ్చి అత్తగారి ఒళ్ళో పడింది. వీధి తలుపు గడియ తలకిందులుగా బిగించడంతో అది బయటినుంచి పడుతుంది గాని లోపలినుంచి పడదు. ముక్కలుగా వచ్చిన బట్టల బీరువాని బిగించి నిలబెట్టాక గుప్పెడు మరలు మిగిలిపోయాయి. "ఎందుకైనా మంచిదని ఎక్కువే పంపిస్తార్లే" అన్నాడు భర్త. అప్పటినుంచి తలుపు తెరిస్తే చాలు, బీరువా ముందుకి వంగి దణ్ణం పెడుతోంది. స్నానాల గదిలో అద్దం వాష్‌బేసిన్‌కి ఎదురుగా కాకుండా బెత్తెడు పక్కకి పోయింది. మొహం కడుక్కుని తలెత్తితే సగం మొహమే కనబడుతుంది. అదేమిటని ఆమె అడిగితే "కొత్త ఫ్యాషను" అన్నాడు.

ఇవన్నీ అతని చేతి పనులే. అతను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. అందుకని ఆ బిల్డింగులో అందరూ అతన్ని పళ్ళాయన అంటారు, ఆమెని పళ్ళాయన భార్య అంటారు. ఆమెకీ ఒక ఉద్యోగముందని, బట్టల ఫ్యాక్టరీలో కటింగు టేబులు ముందు రోజంతా నిలబడి వస్తుందని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా ఎవరూ ఆమెని కత్తిరింపులావిడ అనరు. ఇల్లు సర్దిపెట్టడానికని వచ్చిన అత్తగారైతే, మెట్ల మీద ఎవరు కనబడినా నోరు తెరిచి చూపించేది. "ఈ పళ్ళు మావాడు కట్టినవే. చిగుళ్ళ రంగు చూశారా? నా సొంత చిగుళ్ళకంటే బావుంటాయి. వాడి చేతిలో ఉంది పనితనం!"

ఆ పనితనానికి కడ్డీ ఊడినా, గడియ తిరగబడినా, బీరువా వంగినా ఇంట్లో నవ్వుకున్నారు. మగపిల్లాడన్నాక ఏదో ఒకటి చేస్తూ ఉంటాడు, చేసేవాడికే తప్పులు వస్తాయి అన్నారు. ఆమె కూడా నవ్వింది. అప్పటికి నవ్వులాటగానే ఉంది.

ఆ ఇంట్లో ఆమె చేసిన పని ఒక్కటే. వంటింటి గోడకి డబ్బాలు పెట్టుకునే చెక్క షెల్ఫు బిగించుకుంది. ఫ్యాక్టరీలో పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దతో గీసి, నిలువు కత్తి మిషనుతో ఒక్క ఊపున కోసే మనిషి ఆమె. గీత నూలుపోగంత పక్కకి జరిగితే గుట్టంతా చెత్తలోకే పోతుంది. అందుకని గోడని కూడా గుడ్డలాగే చూసింది. కొళాయి ఎక్కడుందో చూసి, దానిలోకి పైపు ఏ వైపునుంచి దిగుతోందో ఆనవాలు కట్టి, దానికి జానెడు దూరంగా సుద్దతో చుక్కలు పెట్టింది. డ్రిల్లు మిషను బిట్టుకి లోతు గుర్తుగా టేపు ముక్క చుట్టి, టేపు గోడని తాకగానే ఆపేసింది. రాలిన ఎర్రటి పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది. సున్నిపిండిలా పొడిపొడిగా ఉంది. షెల్ఫు మీద డబ్బాలు పెట్టి, దాని అంచు పట్టుకుని గట్టిగా వేలాడినంత పనిచేసింది. అది కదల్లేదు. ఆ రోజు ఎవరూ చూడకుండా ఆమె ఆ షెల్ఫుని రెండు మూడుసార్లు నిమిరింది.

ఆ తరవాత కొన్నాళ్ళకే కింద ఇంటి పైకప్పు మీద తడి మరక కనబడింది.

కింద ఇంట్లో ఉండేది రిటైరైన హెడ్మాస్టరు. బిల్డింగంతటికీ మాస్టారే. ఆదివారం పొద్దున ఆయన మెట్లెక్కి వచ్చి, తలుపు తీసిన ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ "ఏడీ, పళ్ళాయనేడీ?" అన్నాడు.

"ఏమిటండీ సంగతి?" అందామె.

"మగవాళ్ళతో మాట్లాడాలమ్మా."

భర్త వచ్చాడు. అతని వెనక అత్తగారు వచ్చింది. మాస్టారి వెనక మెట్ల మీద ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. తన పడగ్గది కప్పు చెమ్మగిల్లిందని, నిన్నటికి పళ్ళెమంత ఉన్న మరక ఇవాళ చాటంత అయిందని మాస్టారు చెప్పాడు. "ఈమధ్య గోడలకేమైనా బెజ్జాలు పెట్టారా?"

భర్త నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. అత్తగారే అందుకుంది. "షెల్ఫు! నేను ఆవేళే అనుకున్నా. అమ్మాయి మిషను పట్టుకుని గోడ తొలుస్తుంటే నా గుండె గుబేలుమంది."

"అత్తయ్యా, నా బెజ్జంలోంచి పొడి రాలింది. పైపుకి తగిలితే నీళ్ళు అప్పుడే రావాలి కదా?"

"గోడలో ఏముందో నీకేం తెలుస్తుందమ్మా" అన్నాడు మాస్టారు, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో. "గరిట పట్టుకునే చేతికి డ్రిల్లు మిషనెందుకు చెప్పు?"

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మొహం భగ్గుమంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపొస్తుందంటారు. ఆ మాట ఎంత నిజమో అప్పుడు తెలిసింది. ఆమె భర్త వైపు చూసింది. బెజ్జాలు పెట్టినప్పుడు మిషను వైరు పట్టుకుని పక్కన నిలబడింది అతనే. టేపు చుట్టడం చూశాడు, పొడి రాలడం చూశాడు. ఒక్క మాట చాలు. అతను చెప్పుల వైపు చూస్తూ "ఏమో, అదే అయ్యుంటుంది" అన్నాడు.

మాస్టారు దిగి వెళ్ళిపోయాక అత్తగారు ఆమెని కూర్చోబెట్టింది. కొత్తగా వచ్చిన ఇల్లు, పెద్దాయనతో పేచీ పెట్టుకుంటే ఇక్కడ నెగ్గుకురాలేం, వెళ్ళి తప్పయిందని ఒక్క మాట అనేస్తే పోతుందని నచ్చజెప్పింది.

"చెయ్యని తప్పుకి నేనెందుకు అనాలి?"

"అంటే పోయేదేముంది?" అన్నాడు భర్త. "నోటి మాటే కదా. రిపేరు నేను చేయిస్తా. నువ్వు ఒక్క మాట అనేసి రా."

అత్తగారు ముందు, ఆమె మధ్యన, భర్త వెనక. అలా ముగ్గురూ దిగారు. మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల తలుపులన్నీ ఓరగా తెరుచుకున్నాయి. "నా వల్ల మీకు ఇబ్బంది కలిగింది. క్షమించండి" అందామె. "సరేలేమ్మా, ఇకనుంచి మగవాళ్ళ పనులు మగవాళ్ళకి వదిలెయ్యి" అన్నాడు మాస్టారు. పైకి వచ్చాక భర్త డ్రిల్లు మిషనుని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు.

మర్నాడు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు నీలం గుడ్డ కొత్త గుట్ట ఒకటి ఆమె టేబులు మీదకి పంపించాడు. "ఖరీదైన గుడ్డ. నువ్వే కొయ్యి, ఇంకెవరికీ ఇవ్వకు" అన్నాడు. ఆమె సుద్దతో గీస్తోంది గాని చెయ్యి మాటిమాటికీ ఆగిపోతోంది. ఇక్కడ ఇంత గుడ్డని తన కంటికి వదిలేస్తారు. అక్కడ తన ఇంట్లో, తన జీతం కూడా పోసి కొనుక్కున్న గోడలో నాలుగు బెజ్జాలకి తన మాట చెల్లలేదు. గీసిన గీత చెరిపి మళ్ళీ గీసింది. పక్క టేబులావిడ చూసి "ఏమయ్యిందే?" అంది.

"నేను తప్పు చెయ్యలేదక్కా. అయినా క్షమాపణ చెప్పాను."

"అయితే ఏడుస్తావేం, తప్పెవరిదో చూడు" అందావిడ, కత్తి మిషను ఆన్ చేస్తూ.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బిల్డింగు వాకిట్లో కూర్చున్నవాళ్ళలో ఒకావిడ "ఇవాళ ఎవరింటి గోడకమ్మా బెజ్జం?" అని పలకరించింది. అందరూ నవ్వారు. ఆమె మెట్లన్నీ ఎక్కేదాకా ఆ నవ్వు వీపుకి అతుక్కునే వచ్చింది. రాత్రి అన్నం దగ్గర ఆ సంగతి చెబితే భర్త "వాళ్ళ మాటలు పట్టించుకోకు" అని కంచంలోకి తల వంచుకున్నాడు. ఈమధ్య అతను ఏ మాటకీ తలెత్తడం లేదు.

మంగళవారం పొద్దున్నే, ఆమె ఫ్యాక్టరీకి బయల్దేరకముందే ప్లంబరు వచ్చాడు. భర్త ల్యాబుకి ఆలస్యంగా వెళ్తానని ఇంట్లోనే ఆగాడు. ప్లంబరు ఆమె వైపు చూడనైనా చూడకుండా "మేడమ్‌గారు బెజ్జం పెట్టింది ఎక్కడ సార్?" అన్నాడు. ఆమె చూపించింది. అతను డబ్బాలు దింపి, షెల్ఫు ఊడదీసి గోడకి ఆనించి, ఆమె సుద్ద చుక్కల చుట్టూ గోడ పగలగొట్టాడు. సిమెంటు రాలింది, ఇటుక బయటపడింది. ఎండలో ఆరబెట్టిన ఇటుకలా ఉంది. తడి జాడ లేదు. ఇంకా లోతుగా కొట్టాడు. అదీ పొడే.

"చూశారా?" అందామె. ఆ ఒక్క మాట అనడానికి ఆమె మూడు రోజులుగా ఎదురుచూసింది.

"ఇక్కడ లేదు సార్" అన్నాడు ప్లంబరు, భర్తతోనే. "గోడకి అవతలేముంది?"

అవతల ఉన్నది స్నానాల గది. ప్లంబరు లోపలికెళ్ళి టైల్స్ మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు. అద్దం కింద చప్పుడు డొల్లగా వచ్చింది. "ఈ అద్దం తీస్తే సంగతి తేలుతుంది" అన్నాడు.

"అద్దం ఎందుకయ్యా?" అన్నాడు భర్త, గబగబా. "కొత్త టైల్స్ పగిలిపోతాయి. ఇంకెక్కడైనా చూడు."

ఆమె అతని వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. నుదుటి మీద చెమట. ప్లంబరు భుజాలు ఎగరేసి, తనకి ఇంకో చోట పనుందని, రేపొచ్చి చూస్తానని చెప్పి సామాన్లు సర్దుకున్నాడు. మర్నాడు అతను రాలేదు. వంటింటి గోడలో గొయ్యి, నేల మీద డబ్బాలు, మూలన షెల్ఫు అలాగే ఉండిపోయాయి.

గురువారం ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున్నే కిందనుంచి దభీమని చప్పుడు, వెంటనే మాస్టారి కేక వినిపించాయి. కప్పు పెచ్చూడి ఆయన మంచం మీద పడింది. ఆయన పైకి వచ్చేలోపల ఆమె నీళ్ళ వాల్వు కట్టేసి, సుత్తి, ఉలి, స్క్రూడ్రైవరు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. భర్త అప్పుడే బయల్దేరి వెళ్ళాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి "అమ్మాయ్, ఏంటది, ఆగు, వాడికి ఫోన్ చేస్తున్నా" అంటోంది.

"చెయ్యండి అత్తయ్యా. రమ్మనే చెప్పండి."

అద్దం మరలు విప్పి జాగ్రత్తగా దింపింది. వెనక, సరిగ్గా వాష్‌బేసిన్‌కి ఎదురుగా, అసలు అద్దం మర పడాల్సిన చోట, ఒక టైలు మీద రూపాయి బిళ్ళంత తెల్ల సిమెంటు మచ్చ ఉంది. చుట్టుపక్కల తెలుపు వేరు, దీని తెలుపు వేరు. బట్టల రంగులో వీసమెత్తు తేడా వచ్చినా పట్టుకునే కళ్ళు అవి. బెత్తెడు పక్కకి జరిగిన అద్దం ఫ్యాషను ఏమిటో ఆమెకి అప్పుడే అర్థమైపోయింది. అయినా ఉలి ఆనించింది. అర్థమైతే చాలదు, కనబడాలి.

ఆవేశంగా కొట్టలేదు. ఉలిని ఏటవాలుగా పట్టుకుని, చిన్న చిన్న దెబ్బలతో మచ్చ అంచు వెంబడి పోయింది. టైలు ముక్క ఊడింది, వెనక తడిసి నల్లబడ్డ సిమెంటు ముద్దలు ముద్దలుగా రాలింది. లోపల పైపు కనబడింది. పైపుకి గుండ్రటి చిల్లు. ఆ చిల్లులో గులాబీ రంగు ముద్ద ఒకటి నున్నగా, ముచ్చటగా పూడ్చి ఉంది. దాని అంచునుంచి నీటి బొట్టు ఒకటి ఊరి, జారి, గోడలోకి దిగింది. ఉలి కొసతో మీటితే ముద్ద ఊడి ఆమె అరచేతిలో పడింది.

అప్పటికి మాస్టారు వచ్చి అత్తగారి వెనక నిలబడ్డాడు. "ఏమిటది, బబుల్‌గమ్మా?"

అత్తగారి నాలుక నోట్లో పళ్ళ సెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది.

"బబుల్‌గమ్ కాదండీ" అందామె. "పళ్ళ సెట్లకి చిగుళ్ళు పోసే ప్లాస్టిక్కు."

భర్త ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి ముగ్గురూ ఆ ముద్దనే చూస్తున్నారు. అతనికి ఏ ప్రశ్నా వెయ్యక్కర్లేకపోయింది. ఇంట్లోకి వచ్చిన మొదటి వారంలో అద్దం బిగిస్తుంటే డ్రిల్లు పైపుకి తగిలిందని, నీళ్ళు చిమ్మాయని, వాల్వు కట్టేసి ల్యాబునుంచి ఆ ప్లాస్టిక్కు పొడీ, దాన్ని కలిపే మందూ తెచ్చి కలిపి చిల్లు పూడ్చానని, పైన తెల్ల సిమెంటు రాసి అద్దం పక్కకి జరిపానని నసుగుతూ చెప్పాడు. "గట్టిగానే ఉందనుకున్నా" అన్నాడు.

మాస్టారు ముద్దని వేళ్ళతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. "భలే బుర్రయ్యా నీది! నీళ్ళ పైపుకి పన్ను కట్టావన్నమాట!"

"చిన్నప్పటినుంచీ వాడంతే" అంది అత్తగారు, ఊపిరి పీల్చుకుని. "ఏది దొరికితే దాంతో అతికించేస్తాడు. పోనీలే, ఇప్పటికైనా తెలిసింది."

భర్త కూడా సిగ్గుసిగ్గుగా నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తను గోడకి బెజ్జం పెడితే బిల్డింగంతా పంచాయితీ, తలవంపులు, గరిట పట్టే చెయ్యి. అదే అతను పైపునే తొలిచి, దాచి, ఊరుకుంటే భలే బుర్ర. ఒకే గోడ, ఒకే డ్రిల్లు మిషను. చెయ్యి మారితే తప్పు కూడా మారిపోతుందా?

"ఆదివారం మాస్టారు వచ్చినప్పుడు ఈ సంగతి మీకు తెలుసా?" అందామె.

"అంటే... అనుమానంగానే... నువ్వు అవతల డ్రిల్లు వేసినప్పుడు ఆ అదురుకి ఇది కదిలిందేమో కూడా..."

"తెలుసా, తెలీదా?"

అతను నేల వైపు చూశాడు. "తెలుసు."

"తెలిసే నన్ను కిందికి తీసుకెళ్ళారు."

"ఇప్పుడు ఇదంతా ఎందుకు? మాస్టారి ముందు... మనం మనం ఇంట్లో మాట్లాడుకుందాం."

"నన్ను అన్నది వీధిగుమ్మంలో. మీ సంగతి మాత్రం ఇంట్లోనా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. ఉలి కింద పెట్టింది. "మీరు కిందికి వెళ్ళండి. నేను నిలబడ్డ చోటే నిలబడండి. ఆవేళ తలుపులు తీసినవాళ్ళందరూ వినేలా, చేసిందెవరో చెప్పండి."

"అబ్బే, నేను ఇక్కడే విన్నానుగా తల్లీ" అన్నాడు మాస్టారు.

"నేను చెప్పింది ఇక్కడ కాదండీ."

"నలుగురిలో వాడి పరువు..." అని మొదలుపెట్టింది అత్తగారు.

"నాది పోయినప్పుడు పోయేదేముందన్నారు అత్తయ్యా."

అత్తగారు నేల మీది డబ్బాల వైపు, గోడకి ఆనించిన షెల్ఫు వైపు, గోడలో పొడి గొయ్యి వైపు చూసింది. చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, కొడుకు మోచెయ్యి పట్టుకుంది. "పద. ఆ పిల్లని దింపి తీసుకెళ్ళింది నేనే. నేనూ వస్తా."

వాళ్ళు దిగి వెళ్ళారు. ఆమె వెళ్ళలేదు. గోడకి చేరగిలబడి తడి సిమెంటు మధ్యలో కూర్చుంది. కింద తలుపులు తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఏమిటేమిటని అడగడం మెట్లమీదుగా వినబడుతోంది. తరవాత భర్త గొంతు, నవ్వు కలిపిన గొంతు వినబడింది. "ఏం లేదండీ, మా ఆవిడ ఊరుకోవడం లేదు. ఆవిడ తృప్తి కోసం ఒక మాట చెబుదామని..."

ఎవరో నవ్వారు.

ఆమె లేచింది. జుట్టునిండా సున్నం, చేతులనిండా సిమెంటు. కడుక్కోలేదు. అలాగే మెట్లు దిగి, గుంపులో చోటు చేసుకుని, అతనికి ఎదురుగా నిలబడింది. నవ్వినవాళ్ళు ఆమెని చూసి నవ్వు ఆపేశారు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి" అంది. "నా తృప్తి సంగతి వదిలేసి, జరిగింది చెప్పండి."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ సాయం రాలేదు. మాస్టారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఇక చూడటానికి ఆమె ఒక్కతే మిగిలింది. అతని మొహంలో నవ్వు చెరిగిపోయింది. నవ్వు లేని ఆ మొహాన్ని ఆమె ఈ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి నిండుగా చూసింది.

"పైపు తొలిచింది నేను" అన్నాడు. "దాచింది కూడా నేనే. తన పనిలో తప్పులేదని తెలిసి కూడా, నేను పక్కన నిలబడి తనచేత క్షమాపణ చెప్పించాను. నన్ను క్షమించండి." ఆ చివరి మాట మాస్టారితో అంటూ మొదలుపెట్టాడు, పూర్తయ్యేసరికి ఆమె వైపు తిరిగాడు.

మొన్న వాకిట్లో బెజ్జం గురించి పలకరించినావిడ తన తలుపు దగ్గరికి వేసుకుంది. భర్తకి ఆమె జవాబు చెప్పలేదు. ఆ జవాబుకి ఇంకా చాలా రోజులు పడుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆమె మాస్టారి వైపు తిరిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళు పిల్లలచేత తప్పు ఒప్పించిన మనిషి. "అమ్మా..." అన్నాడు. ఆ తరవాత మాట వెతుక్కుంటున్నాడు. ఫరవాలేదండీ అని ఆయన్ని ఒడ్డున పడెయ్యడం ఆమెకి చిటికెలో పని. మాస్టారు కూడా దానికోసమే చూస్తున్నాడు. ఆమె అనలేదు. తొందరపెట్టనూ లేదు. సిమెంటు చేతులు అలాగే కిందికి వదిలేసి, ఆయనకి ఆ మాట దొరికేదాకా ఆ గుమ్మం ముందు నిలబడింది.